ఇద్దరికీ క్రియాటినిన్ 2.. ఒకరిది మూడో స్టేజ్, ఇంకొకరిది నాలుగో స్టేజ్! ఎందుకీ తేడా? డయాలసిస్ ఎప్పుడు తప్పదు?

కిడ్నీ ఫెయిల్యూర్ అనగానే ఇంట్లో వాళ్లు ముందు అడిగేది ఒకటే.. క్రియాటినిన్ ఎంత? సికింద్రాబాద్ గాంధీ ఆస్పత్రి ఓపీ అయినా, కార్పొరేట్ ఆస్పత్రి అయినా ఇదే ప్రశ్న. పక్క పేషెంట్ నంబర్‌తో పోల్చుకుని కొందరు భయపడిపోతారు. ఇంకొందరు 'ఇంకా టైమ్ ఉందిలే' అనుకుంటారు. ఈ రెండోదే ఎక్కువ ప్రమాదం. ఎందుకో చూద్దాం.

నంబర్ ఒకటే.. పరిస్థితి వేరు

క్రియాటినిన్ కండరాల నుంచి వచ్చే వ్యర్థం. కండ ఎక్కువున్న వాళ్లలో ఎక్కువ, బక్కపలచగా ఉన్నవాళ్లలో తక్కువ తయారవుతుంది. అందుకే వయసు, ఆడా మగా అనేది కలిపి లెక్కగట్టే ఈజీఎఫ్‌ఆర్ చూడాలి. క్రియాటినిన్ 2 ఉన్న 30 ఏళ్ల యువకుడికి ఇది దాదాపు 45 వస్తుంది. అంటే మూడో స్టేజ్. అదే 2 ఉన్న 70 ఏళ్ల మహిళకు 26 దాకానే వస్తుంది. అంటే నాలుగో స్టేజ్. 15 కంటే తగ్గితే ఐదో స్టేజ్. దాన్నే కిడ్నీ ఫెయిల్యూర్ అంటారు.

ఎవరికి ఏ సమస్య వస్తుంది?

* పొటాషియం: ఇది చెప్పకుండా వచ్చే ప్రమాదం. మితిమీరితే గుండె లయ తప్పి ఆగిపోవచ్చు. కొందరికి ముందు ఏ లక్షణమూ ఉండదు. ఇంకొందరికి కాళ్లూ చేతులూ సత్తువ లేనట్టు అవుతాయి. ఈసీజీ, రక్త పరీక్షతోనే తెలుస్తుంది.
* ఒంట్లో నీరు: కాళ్ల వాపుతో మొదలై ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. రాత్రి పడుకుంటే ఆయాసం, లేచి కూర్చుంటే కాస్త నయం అనిపిస్తే వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. గుండె జబ్బు కూడా ఉన్నవాళ్లకు ఈ ముప్పు ఎక్కువ.
* రక్తహీనత: ఎముక మజ్జకు రక్తం తయారు చేయమని చెప్పే ఎరిత్రోపోయిటిన్ హార్మోన్ కిడ్నీల్లోనే తయారవుతుంది. అది తగ్గితే నాలుగు మెట్లెక్కినా అలసటే. ఐరన్, ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్లతో సరిచేస్తారు.
* ఎముకలు, దురద: ఫాస్ఫరస్ పెరిగితే ఎముకల్లో కాల్షియం తగ్గిపోతుంది, ఒళ్లంతా దురద రావచ్చు.
* షుగర్ పడిపోవడం: కిడ్నీలు దెబ్బతింటే ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు ఉండిపోతుంది. దాంతో పాత డోసుకే షుగర్ లెవెల్ బాగా పడిపోతుంది. 'షుగర్ తగ్గిపోయింది' అని సంతోషపడొద్దు, డాక్టర్‌కు చెప్పి డోసు మార్పించుకోవాలి.

డయాలసిస్ ఎప్పుడు?

2010లో వచ్చిన 'ఐడియల్' అధ్యయనం ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లో 828 మందిపై జరిగింది. ఒక గ్రూపుకి ఈజీఎఫ్‌ఆర్ 10 నుంచి 14 మధ్య ఉండగానే, రెండో గ్రూపుకి 5 నుంచి 7కి తగ్గాక డయాలసిస్ అని ప్లాన్ చేశారు. ముందే మొదలుపెట్టినంత మాత్రాన ఆయుష్షు పెరగలేదు. కానీ రెండో గ్రూపులో నలుగురిలో ముగ్గురు ఆ నంబర్ దాకా ఆగలేకపోయారు. లక్షణాలు ముదరడంతో ముందే మొదలుపెట్టాల్సి వచ్చింది.

అంటే తొందరా వద్దు, మొండితనమూ వద్దు. మందులకు లొంగని పొటాషియం, తగ్గని ఆయాసం, ఆగని వాంతులు, మత్తుగా మాట తడబడటం.. వీటిలో ఏది వచ్చినా డాక్టర్ చెప్పిన వెంటనే డయాలసిస్‌కు ఒప్పుకోవాలి.

చేతి నరం ముందే రెడీగా ఉండాలి

'ఒకసారి మొదలుపెడితే ఇక జీవితాంతమే' అన్న భయంతో చాలామంది వాయిదా వేస్తారు. చివరికి అర్ధరాత్రి ఎమర్జెన్సీకి వస్తే మెడ దగ్గర ట్యూబ్ వేయాల్సి వస్తుంది. దాంతో ఇన్ఫెక్షన్ ముప్పు ఎక్కువ. ముందే ప్లాన్ చేసుకుంటే చేతిలో ఫిస్టులా పెట్టించుకోవచ్చు. చిన్న సర్జరీతో ధమనిని సిరతో కలుపుతారు. అది వాడకానికి రావడానికి నెలన్నర నుంచి కొన్ని నెలలు పడుతుంది. అందుకే నాలుగో స్టేజ్‌లోనే డాక్టర్‌తో దీని గురించి మాట్లాడాలి. ఆ చేతికి బీపీ చూడనివ్వకూడదు, సెలైన్ పెట్టనివ్వకూడదు.

హీమోడయాలసిస్ సాధారణంగా వారానికి మూడుసార్లు, సుమారు నాలుగేసి గంటలు ఉంటుంది. సెంటర్ దూరమైతే ఇంట్లోనే కడుపు ద్వారా చేసుకునే సీఏపీడీ ఉంది. బాగా వయసు మళ్లి, వేరే జబ్బులు చాలా ఉన్నవాళ్లకు డయాలసిస్ లేకుండా మందులతో బాధ తగ్గించే వైద్యమూ ఒక దారే.

మార్పిడి, ఆరోగ్యశ్రీ

శరీరం తట్టుకోగలిగితే కిడ్నీ మార్పిడే మేలు. దగ్గరి బంధువులు ఇవ్వొచ్చు. లేదంటే ఆస్పత్రి ద్వారా జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించుకోవాలి. తెలుగు నేలపై 2013లో మొదలైన ఈ పథకం తెలంగాణలో నిమ్స్ నుంచి నడుస్తోంది. అయితే ఆపరేషన్‌తో పని అయిపోదు. కొత్త కిడ్నీని శరీరం తిప్పికొట్టకుండా మందులు జీవితాంతం వేసుకోవాల్సిందే. ఒక్క పూట కూడా మానకూడదు.

తెలంగాణలో డయాలసిస్, మార్పిడి రెండూ ఆరోగ్యశ్రీ కిందకు వస్తాయి. 2023 డిసెంబర్‌లో ఈ పథకం పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచారు.

ఇంట్లో ఇవి మర్చిపోవద్దు

పొటాషియం ఎక్కువున్న వాళ్లకు 'ఒంటికి చలువ' అని కొబ్బరి నీళ్లు తాగించడం ప్రమాదం. లో సోడియం ఉప్పులో చాలావరకు కలిపేది పొటాషియమే, ప్యాకెట్ చూసి కొనాలి. పచ్చళ్లు తగ్గించాలి. ఒళ్లు నొప్పులకు మెడికల్ షాపులో పెయిన్ కిల్లర్ అడిగి వేసుకోవద్దు. లోహ భస్మాలు కలిసిన నాటు మందుల జోలికి వెళ్లొద్దు.

పక్క పేషెంట్‌కు పనిచేసిన డైట్, మందు మీకూ పనిచేయాలని లేదు. ఈసారి డాక్టర్ దగ్గరకు వెళ్తే క్రియాటినిన్‌తో ఆగకండి. నా ఈజీఎఫ్‌ఆర్ ఎంత? పొటాషియం ఎంత? ఫిస్టులా ఎప్పుడు పెట్టించుకోవాలి? ఈ మూడూ అడగండి.