కణచక్రంలో కూల్చివేత: సైక్లిన్ కథకు ఒక సవరణ

కణ విభజన గురించి మన పాఠ్యగ్రంథాలు చెప్పే కథ ఎప్పుడూ ఒకటే. సైక్లిన్ అనే ప్రోటీన్ పెరుగుతుంది, దానితో జతకట్టే కైనేజ్ అనే ఎంజైమ్ చురుకవుతుంది, కణం రెండవుతుంది. పెరిగిన సైక్లిన్ చివరికి ఏమవుతుందన్నదానికి ముక్తసరిగా ఒక వాక్యం. నా అభ్యంతరం అక్కడే. కణచక్రానికి పగ్గాలు వేసేది ప్రోటీన్ల తయారీ కన్నా వాటి కూల్చివేతేనని నా వాదన.

అసలు సైక్లిన్ శాస్త్రవేత్తల కంటబడిందే మాయమవడం వల్ల. 1982లో ఉడ్స్ హోల్‌లో టిమ్ హంట్ ఆర్బేసియా అనే సీ అర్చిన్ అండాలను ఫలదీకరించి, రేడియోధార్మిక మెథియోనిన్ కలిపి, కాసేపటికొకసారి కొన్నిటిని తీసి జెల్ మీద నడిపారు. కొత్త ప్రోటీన్ల పట్టీలు అంతకంతకూ నల్లబడుతూ పోయాయి. వాటిలో బాగా చిక్కబడ్డ ఒక పట్టీ మాత్రం కణాలు చీలడానికి కాస్త ముందు వెలిసిపోయి, తర్వాతి చక్రంలో మళ్లీ తేలింది. తయారీ ఆగినంత మాత్రాన పట్టీ వెలిసిపోదు. అప్పటిదాకా పోగైనది అలాగే ఉంటుంది. అది వెలిసిందంటే ఉన్న ప్రోటీన్‌నే ఏదో తుడిచిపెడుతోంది. 1989లో ముర్రే, కిర్ష్నర్ బృందం సైక్లిన్ మొదట్లోని 90 అమైనో ఆమ్లాలను కత్తిరించి కప్ప అండాల సారంలో వేసింది. సారం మైటాసిస్‌లోకి, అంటే క్రోమోజోములు పంచబడే దశలోకి, వెళ్లింది, బయటికి రాలేకపోయింది. సైక్లిన్ తయారీ లేనిదే చక్రం మొదలు కాదని అదే ఏడాది ఆ బృందమే చూపింది, నిజమే. కానీ కూల్చివేత లేనిదే అది ముగియదు.

కణచక్ర శాస్త్రవేత్త పాల్ నర్స్ మాత్రం కైనేజ్ చురుకుదనపు మోతాదే సర్వస్వమంటారు. కూడ్రూజ్‌తో కలిసి 2010లో ఆయన చేసిన ఫిషన్ ఈస్ట్ ప్రయోగం ముచ్చటైనది: సైక్లిన్‌ను, కైనేజ్‌ను ఒకే ప్రోటీన్‌గా అతికించినా కణాలు విభజన చెందాయి. మైటాసిస్‌కు ముందరి జీ2 దశలో కైనేజ్‌ను మందుతో అణచి, తిరిగి వదిలితే, కణాలు మైటాసిస్ దాటవేసి డీఎన్ఏను మళ్లీ రెట్టింపు చేసుకున్నాయి. దీన్ని మోతాదు సిద్ధాంతానికి రుజువుగా చదివారు. చక్రాన్ని మొదటికి తెచ్చింది మోతాదు పెరగడమా, పడిపోవడమా? మామూలు కణంలో కూల్చాల్సిన ప్రోటీన్లకు గుర్తు వేసే యూబిక్విటిన్, వాటిని ముక్కలు చేసే ప్రోటియాజోమ్ కలిసి చేసే పనినే అక్కడ మందు చేసింది. నర్స్ ప్రయోగం నా పక్షానే సాక్ష్యం చెబుతోంది.

రుగ్మతలూ ఇదే దారి చూపుతున్నాయి. క్రోమోజోములన్నీ వాటిని లాగే పోగులకు కుదురుగా తగులుకునేదాకా, సెపరేజ్ అనే ఎంజైమ్‌ను కట్టి ఉంచే సెక్యూరిన్‌ను కూలనివ్వకుండా ఆపే కాపలా ప్రోటీన్లలో బబ్‌ఆర్1 ఒకటి. దాని జన్యువు దెబ్బతిన్న పిల్లల్లో సెక్యూరిన్ తొందరపడి కూలుతుంది, సెపరేజ్ విడుదలై క్రోమోజోము జతలను కలిపి ఉంచే కోహెసిన్‌ను తెంపుతుంది, క్రోమోజోములు తప్పుడు లెక్కన పంచబడతాయి. తల చిన్నదవుతుంది, ఎదుగుదల కుంటుపడుతుంది, పసితనంలోనే క్యాన్సర్లు పుట్టవచ్చు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే పాపిలోమా వైరస్ సైతం తన ఈ6 ప్రోటీన్‌తో కణంలోని కూల్చివేత యంత్రాన్నే క్యాన్సర్‌ను అడ్డుకునే పీ53 ప్రోటీన్ మీదికి ఉసిగొల్పుతుంది. పిల్లల కంటి క్యాన్సర్ రెటినోబ్లాస్టోమాలో జన్యువే పోతుంది కనుక అది ఈ చట్రంలో ఇమడదు. అయినా కణ విభజన రుగ్మతలను ఏ ప్రోటీన్ లోపించిందన్న లెక్కన కాక, ఏది వేళ కాని వేళ కూలిందన్న లెక్కన వర్గీకరించాలి.