గోండ్వానా: భూమి చరిత్రలో మన పేరు



ఇంటర్‌లో ఉన్నప్పుడు పాఠంలో "గోండ్వానా" అనే మాట వినగానే మేము హాస్టల్ పిల్లలం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. ఇది మన పేరే కదా! అక్కడికి ఎలా వచ్చిందో మాత్రం పాఠంలో లేదు. డిగ్రీకొచ్చాక వెతికి చదువుకున్నాం. అదే రాస్తున్నాం.

1872లో భారత భూగర్భ సర్వేలో పనిచేసే మెడ్లికాట్ మధ్య భారతంలోని కొన్ని రాతి పొరలకి, గోండుల దేశం పేరు మీద, గోండ్వానా అని పేరు పెట్టాడు. ఆ పొరల్లో గ్లాసోప్టెరిస్ అనే చెట్టు ఆకుల అచ్చులున్నాయి. అవే ఆకులు ఆఫ్రికాలోనూ దక్షిణ అమెరికాలోనూ దొరికాయి. మధ్యలో ఇంత సముద్రముంటే ఒకే చెట్టు అన్నిచోట్లా ఎలా మొలిచింది? ఒకప్పుడు ఇదంతా ఒకే నేల అన్నాడు ఆస్ట్రియా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ స్యూస్. 1885లో దానికి గోండ్వానాలాండ్ అని పేరు పెట్టాడు. కాకపోతే మధ్య నేల సముద్రంలో మునిగిపోయిందనుకున్నాడు.

మునగలేదు, ఖండాలే జరిగాయని 1912లో జర్మనీ శాస్త్రవేత్త వెజెనర్ చెప్పాడు. ఏ బలం జరిపిందో చూపించలేకపోయాడు, చాలామంది కొట్టిపారేశారు. 1930లో గ్రీన్‌లాండ్ మంచులో చనిపోయాడు. 1950ల్లో మేరీ థార్ప్ అట్లాంటిక్ అడుగు పటం గీస్తూ, నడి సముద్రపు కొండల వరుస మీద పొడుగాటి లోయ ఉందని పట్టుకుంది. ఆడవాళ్లని పరిశోధన ఓడ ఎక్కనివ్వని రోజులవి. మొదట ఆమె మాటనీ తీసిపారేశారు. చివరికి అక్కడే పలకలు విడిపోయి కొత్త నేల పుడుతోందని తేలింది.

మరి పలకల్ని కదిలించేదేంటి? భూమి లోపలి వేడి. ఆ వేడికి లోపలి రాయి గట్టిగా ఉంటూనే చాలా నిదానంగా పారుతుంది. సముద్రం అడుగు పలక పాతబడి, చల్లారి, బరువెక్కి, ఒక అంచున లోపలికి దిగుతుంది. పిట్టగోడ మీద ఆరేసిన తడి దుప్పటి ఒకవైపు జారితే మిగతాది కూడా లాక్కుపోతుంది కదా, అలాగే దిగే అంచు వెనకున్న పలకని లాగుతుంది. మన దేశపు నేల అలాగే గోండ్వానా నుంచి విడిపోయి, సుమారు 5 కోట్ల ఏళ్ల కిందట ఆసియాని గుద్దుకుంది. హిమాలయాలు లేచాయి. ఇప్పటికీ ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు ఉత్తరానికి జరుగుతూనే ఉంది.

మన గోదావరి లోయ బొగ్గు కూడా ఆ గోండ్వానా కాలపు అడవే. ఆ బొగ్గు తవ్వకాల్లో ఊళ్లు వదిలినవాళ్లు మనలో ఉన్నారు. అడవిలో ఉండేవాళ్లకి చరిత్రేముందని ఎవరన్నా అంటే ఒక్కటి చెప్పండి: ఆ ప్రాంతాన్ని అప్పటికే గోండ్వానా అంటున్నారు కాబట్టే రాళ్లకి ఆ పేరొచ్చింది. రాళ్లు తీసుకెళ్లొచ్చు, పేరు తీసుకెళ్లలేరు.

కొండలు ఎలా పుట్టాయో మీ ఊరి పెద్దలు ఏం చెబుతారో అడిగి ఇక్కడ రాయండి. అది కూడా మన చరిత్రే.