ఆర్థర్ క్లార్క్: భావికాల రచయిత

ఇంగ్లండు దేశమున సముద్రతీరమునందున్న మైన్‌హెడ్ అను చిన్న పట్టణములో 1917 డిసెంబరు 16వ తేదీన ఆర్థర్ సి. క్లార్క్ జన్మించెను. బాల్యముననే తండ్రి గతింపగా సేద్యపు భారము తల్లిపై బడెను. బాలుడు తానే చేసికొన్న దూరదర్శినితో చంద్రుని పరికించి పటము గీసెను. గ్రంథాలయాభిమానులు గమనింపదగిన విషయ మొకటి కలదు. ఆ యూరి గ్రంథాలయమున అతనికి ఓలాఫ్ స్టేపుల్డన్ 1930లో ప్రకటించిన నవల యొకటి దొరకెను. రాబోవు రెండువందల కోట్ల సంవత్సరములలో మానవజాతి పొందు మార్పుల కథ అది. తన యూహను అంతగా కదల్చిన గ్రంథము వేరొకటి లేదని క్లార్క్ పెద్దవాడైన పిదప చెప్పెను.

ఉన్నత విద్యకు ధనము చాలనందున 1936లో లండను చేరి ప్రభుత్వ కార్యాలయమున లెక్కల తనిఖీ గుమాస్తాగా కుదిరెను. యుద్ధకాలమున వైమానికదళములో రాడార్ పని చూచెను. ఆ కాలముననే, 1945 అక్టోబరులో, ఆయన వ్యాసము 'వైర్‌లెస్ వరల్డ్' పత్రికలో వెలువడెను. టెలివిజన్ తరంగములు తిన్నగా పోవును, భూమి గుండ్రముగా నున్నది. కావున ఎంత యెత్తు స్తంభము నాటినను ప్రసారము కొంతదూరమే చేరును. భూమధ్యరేఖకు పైన సుమారు 36,000 కిలోమీటర్ల యెత్తున నున్న ఉపగ్రహము మాత్రము భూమితో సమముగా దినమున కొక చుట్టు తిరుగును. క్రిందివారికి అది దూలమునకు వ్రేలాడదీసిన దీపమువలె కదలక నిలిచినట్లుండును. అట్టివి మూడున్నచో దాదాపు భూమండలమంతటికిని ప్రసారము లందింపవచ్చునని క్లార్క్ లెక్కకట్టెను. మొదటి ఉపగ్రహము ఆకాశమున కెగయుటకు అప్పటికింకను 12 ఏండ్లున్నవి! వ్యాసమునకు ముట్టినది 15 పౌనులు. పేటెంటు హక్కు ఆయన పొందలేదు.

ఆ యూహలో లోపము లేకపోలేదు. వాల్వులు మాడినప్పుడు మార్చుటకై పైన మనుష్యులు కాపురముండవలెనని ఆయన తలచెను. రెండేండ్లకే ట్రాన్సిస్టరు పుట్టెను. అంత దూరము చూచిన కంటికి చేరువనున్న గాజుబుడ్డి అడ్డువచ్చెను.

యుద్ధానంతరము కింగ్స్ కళాశాలలో భౌతిక, గణితశాస్త్రములు చదివి 1948లో పట్టము పొందెను. అటుపిమ్మట నవలలే వృత్తి. 1956లో సింహళమున స్థిరపడి సముద్రగర్భమున ఈదుట కలవాటుపడెను. 1964లో స్టాన్లీ కూబ్రిక్ అను చిత్రదర్శకుడు ఆయనను కలిసికొనెను. క్లార్క్ వ్రాసిన 'సెంటినెల్' అను చిన్న కథ బీజముగా ఇరువురును చిత్రకథ నల్లిరి. '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' 1968లో విడుదలయ్యెను, చంద్రునిపై మానవుడు కాలిడినది మరుసటి యేడు. 2001 వచ్చి పోయినది. చిత్రములోని చంద్రలోకపు వసతులు మాత్రము రాలేదు.

వచ్చినది మరియొకటి. 1975 ఆగస్టు 1న అమెరికా ఉపగ్రహ మొకదాని సాయమున భారతదేశమందు ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు టెలివిజన్ ప్రసారములు మొదలయ్యెను. నాటి ఆంధ్రప్రదేశ్ అందొకటి; తెలుగున కార్యక్రమములు సాగెను. వల అల్లిన పది అడుగుల పళ్లెములు ఆకాశమువైపు తిరిగి తరంగములను పట్టెను. పగలు బడిపిల్లలు, సాయంకాలము రైతులు పెట్టెముందు గుమిగూడిరి. భారతీయ శాస్త్రజ్ఞులు కొలంబోలో క్లార్క్ ఇంటికిని అట్టి గ్రాహకయంత్రము నమర్చిరి. శ్రీలంకలో నప్పటికి టెలివిజన్ ప్రసారములే లేవు. ముప్పదేండ్ల క్రిందట 15 పౌనులకు వ్రాసిన లెక్కను ఆయన తన యింటనే కూర్చుండి చూచెను.

1976 జూలై 31తో గడువు తీరెను. అమెరికా ఉపగ్రహమును మరలించుకొనెను. పెక్కు పల్లెలలో తెర చీకటిపడెను. స్వదేశపు అవసరములకై ఇన్సాట్-1బి ఎగయునప్పటికి 1983 వచ్చినది.

క్లార్క్ 2008 మార్చి 19న కొలంబోలో మరణించెను. ఆ యుపగ్రహములు నిలుచు దారికి క్లార్క్ కక్ష్య యని పేరు.