అతుకుబొంత, అతుకుపని

మా నాట్రంపల్లి వైపు పాతచీరలు నాలుగు పొరలుగా పరిచి, చిరిగినచోట గుడ్డముక్కలు అతికి, పెద్ద సూదితో బారుగా కుట్లు వేసినదాన్ని బొంత అంటాం. గట్టిగా ఉన్న చీర అంచు ఒకటి మిగిలితే చుట్టూ వేస్తారు. బొంతకు అదే సింగారం. కప్పుకోను పనికిరాకపోతే పరుచుకుంటారు, పరుచుకోను పనికిరాకపోతే కాళ్లు తుడుచుకుంటారు. అందుకే మన ఇళ్లలో వందేళ్లనాటి బొంత వెతికినా దొరకదు.

అమెరికాలో వందేళ్లు దాటినవి మ్యూజియాల్లో భద్రంగా ఉన్నాయి. వాటిని క్రేజీ క్విల్టులు అంటారు. 1876లో ఫిలడెల్ఫియాలో పెద్ద ప్రదర్శన జరిగింది. అక్కడి జపాను వస్తువుల వంకరటింకర అందం చూసి మోజుపడ్డారని చెబుతారు. 1880ల్లో అది వేలంవెర్రి అయింది. పట్టు, మఖమలు పీలికలు అడ్డదిడ్డంగా అతకడం, ప్రతి అతుకు మీదా రంగుదారంతో ఈకలాంటి కుట్టు వేయడం, ఖాళీ ఉన్నచోట సాలెగూడో విసనకర్రో కుట్టడం, రిబ్బను పూలు, లేసు తగిలించడం. చాలావాటికి లోపల దూదే ఉండదు. చలికి కాదు, వచ్చినవాళ్లు చూడను ముందుగదిలో పరిచేవాళ్లు. కుట్టినామె పొడి అక్షరాలు, సంవత్సరం ఓ మూల కుట్టుకునేది. వాడలేదు గనుక మిగిలాయి, పేరుంది గనుక చరిత్రకెక్కాయి. అవీ కొన్ని పొడిపొడిగా రాలిపోతున్నాయట. ఆ కాలపు వ్యాపారులు తూకం పెరగాలని పట్టుకు లోహపు ఉప్పులు పట్టించారు. కామర్సు చదివినవాణ్ణి, ఆ కిటుకు చదివి నవ్వుకున్నాను.

నవ్వు రాని లెక్క ఒకటుంది. అది మన తెలుగు లేసుది. 19వ శతాబ్దం నడుమ గోదావరి జిల్లాల్లో మిషనరీల ఇళ్ల ఆడవాళ్లు పేదపిల్లలకు కొక్కెపు సూదితో లేసల్లడం నేర్పారు. తర్వాత నర్సాపురం, పాలకొల్లు చుట్టూ అది ఎగుమతి వ్యాపారమైంది. షావుకారు దారం ఇస్తాడు, ఏజెంటు ఇంటింటికీ పంచుతాడు. ఒకామె పూలు అల్లుతుంది, మరొకామె ఆ పూలను కలిపి మంచం దుప్పటి చేస్తుంది. ఈ కలిపే పనికి అక్కడి పేరు అతుకుపని. మన బొంతమాటే!

జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ నర్సాపురంలో ఉండి పరిశీలించి, 1982లో ఈ ఆడవాళ్ల మీద పుస్తకం తెచ్చారు. రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లినా చేతికి రూపాయి కూడా వచ్చేది కాదు. లక్షకు పైగా చేతులు ఈ పనిలో ఉన్నా, వాళ్లు ఇంటిపట్టున ఉండే గృహిణులు, తీరిక వేళల్లో లేసల్లుకుంటారు అనే మాటే చెల్లింది. తీరికగా చేసే పనికి కూలి అడగడం ఏమిటని షావుకారుకు మహా సౌకర్యం. అమెరికా ఆమెకు నిజంగా తీరిక ఉండేది, తన పేరు కుట్టుకుంది. మన ఆమెకు తీరిక లేదు, అయినా తీరిక అనే పేరు అంటగట్టారు.

నర్సాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. గుర్తింపు ఊరికి వచ్చింది, కూలి సంగతి వేరే చూడాలి.

మహిళా సంఘాల అప్పు కాగితాలు నా బల్లమీదికి వస్తుంటాయి. రవికలకు లేసు, చీరలకు అంచు కుట్టి ఇల్లు నడిపే ఆమె కూడా వృత్తి గడిలో గృహిణి అనే రాయించుకొని వస్తుంది. నెలకు ఎంత కుడతావమ్మా అని అడిగితే, ఖాళీగా ఉన్నప్పుడు కుడతాను సార్ అంటుంది. ఎప్పుడు ఖాళీ అంటే, రాత్రి పదికి పైన అంటుంది.