మంత్రశక్తుల వర్గీకరణ: రోల్‌ప్లేయింగ్ ఆటలు, శ్రీశైల సిద్ధ సంప్రదాయం

బల్ల చుట్టూ కూర్చుని, పాచికలు వేస్తూ, ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా కథ నడిపే ఫాంటసీ రోల్‌ప్లేయింగ్ ఆటల్లో మంత్రాలను తరగతులుగా విడదీస్తారు. ఏ పాత్రకు ఏ శక్తి ఉంది, దాని హద్దు ఎక్కడ, ఎదుటివాడు దాన్ని దేనితో అడ్డుకోగలడు అన్నవి ముందే తేలకపోతే ఆట సాగదు. ఈ ఆటలు అమెరికాలో పుట్టాయి. మంత్రశక్తులను లెక్కకట్టి విభజించడం మాత్రం అంతకంటే చాలా పాతది, అందుకు పేరుపడ్డ క్షేత్రాల్లో శ్రీశైలం ఒకటి.

గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో తెచ్చిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'లో మంత్రం వేసేవాళ్లు ప్రధానంగా ఇద్దరే: పుస్తకం చదివి నేర్చిన మాంత్రికుడు, దైవబలం పొందిన పూజారి. అంటే అక్కడి విభజన శక్తి ఎక్కడినుంచి వచ్చిందన్న దాన్ని బట్టి. 1989 నాటి రెండో కూర్పుకల్లా మాంత్రికుడి విద్య ఎనిమిది శాఖలైంది: రక్షణ, రూపాంతరం, ఆవాహన, దివ్యదృష్టి, సమ్మోహనం, మాయ, శక్తిప్రయోగం, ప్రేతవిద్య. ఈ ఎనిమిదింటికీ ఒకే కొలమానం లేదు. దివ్యదృష్టిని ప్రయోజనం చూసి వేరుచేస్తే, మాయను ఫలితం నిజమా కాదా అని చూసి, ప్రేతవిద్యను ప్రాణంతో, చావుతో ఉన్న సంబంధం చూసి వేరుచేశారు. 1987లో వచ్చిన 'ఆర్స్ మాజికా' అనే ఆట ఇంకా పద్ధతిగా నడిచింది. సృష్టించు, నాశనం చేయి వంటి ఐదు క్రియలు, అగ్ని, జలం, మనసు వంటి పది పదార్థాలు. ఒక క్రియను ఒక పదార్థంతో జతచేస్తే మంత్రం తయారవుతుంది.

ఇక శ్రీశైలం సంగతి. ఏడో శతాబ్దపు బాణుడి రచనల్లోనే శ్రీపర్వతం, అంటే శ్రీశైలం, సిద్ధులను (సాధనతో వచ్చే అద్భుత శక్తులను) ఇచ్చే చోటుగా కనిపిస్తుంది. భవభూతి 'మాలతీమాధవం'లో సౌదామిని మంత్రసిద్ధి పొందింది ఆ కొండమీదే. తెలుగులో పదిహేనో శతాబ్దపు గౌరన ద్విపదలో 'నవనాథ చరిత్ర' రాశాడు. రాయించింది శ్రీశైలం భిక్షావృత్తి మఠాధిపతి. శ్రీశైలానికి పశ్చిమ ద్వారమైన అలంపురం స్థలపురాణమైతే, అక్కడి బాదామి చాళుక్యుల కాలపు నవబ్రహ్మ ఆలయాలను రససిద్ధుడనే సిద్ధుడికి ముడిపెడుతుంది.

సిద్ధ నిత్యనాథుడి రసవాద గ్రంథం 'రసరత్నాకరం' ఈ సిద్ధ సంప్రదాయానికి పెద్ద ఆధారం. అందులోని ఐదు ఖండాల్లో లోహాన్ని మార్చే వాదం ఒకచోట, దేహాన్ని నిలిపే రసాయనం మరోచోట, మంత్రం ఇంకోచోట ఉంటాయి. విద్యను దాని సాధనాన్ని, ఫలాన్ని బట్టి విడదీసిన తీరు ఇది. శ్రీశైలం చుట్టూ ఏ తావున ఏ సిద్ధి దొరుకుతుందో కూడా ఈ గ్రంథం చెబుతుంది. సిద్ధుల జాబితాలు వేరే గ్రంథాల్లోనూ ఉన్నాయి. బౌద్ధుల 'సాధనమాల' ఎనిమిదింటిని చెబుతుంది: ఖడ్గం, అంజనం, పాదలేపం, అంతర్ధానం, రసరసాయనం, ఖేచరం, భూచరం, పాతాళం. పాతిన నిధిని కంటికి చూపే కాటుక, పాదాలకు పూసుకుంటే ఎక్కడికైనా చేర్చే లేపం, ఆకాశంలో తిరిగే ఖేచరం ఈ లెక్కలోవే.

పరుల మీద చేసే ప్రయోగాలకు తంత్రగ్రంథాల్లో షట్కర్మలనే మరో విభాగం ఉంది: శాంతి, వశ్యం (లొంగదీసుకోవడం), స్తంభనం (కదలకుండా ఆపడం), విద్వేషణం (పగ పెట్టడం), ఉచ్చాటనం (తరిమేయడం), మారణం (చంపడం). ఒక్కో కర్మకు దేవత, దిక్కు, ఋతువు నిర్ణయించారు. ఎవరికి ఏం జరుగుతుందన్న ఒక్క కొలమానం మీదే ఆరూ నిలిచాయి కాబట్టి ఆటల ఎనిమిది శాఖల కన్నా ఇది గట్టి వర్గీకరణ. నియమం తప్పితే ఫలం ఉండదన్న హద్దు కూడా ఇందులోనే ఉంది. ఆట రూపొందించేవారికి కావలసింది సరిగ్గా అదే.

తెలంగాణ పల్లెల్లో వినిపించే చేతబడి, బాణామతి అన్న మాటలు మాత్రం వేరు. ఇవి ఎవరూ కూర్చుని చేసిన వర్గీకరణలు కావు, జబ్బుకో చావుకో కారణం వెతికే క్రమంలో ఇరుగుపొరుగు మీద వేసే నిందలు. ఆ నిందలతో తెలంగాణలో మనుషుల్ని చంపిన ఘటనలున్నాయి. తెలుగులో ఇలాంటి ఆట రాయదలచినవారు బాణామతిని ఒక పాత్రకు శక్తిగా పెట్టకపోవడమే మేలు. అంజనం, పాదలేపం, ఖేచరం వంటి సిద్ధులు వారికి కావలసినన్ని ఉన్నాయి.