రూపాయికి 8 పైసలు

మన గ్రంథాలయోద్యమం గురించి చదివినప్పుడల్లా మహానుభావుల పేర్లే ముందుకొస్తాయి. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడటానికి పూనుకున్న అయ్యంకి వెంకటరమణయ్య, 1935లో పడవ గ్రంథాలయం నడిపిన పాతూరి నాగభూషణం. నాకు మాత్రం ఆ కథలోని చిల్లర లెక్కల మీదే ఆసక్తి.

అడిగితే పుస్తకాలిచ్చేవాళ్లు దొరుకుతారు. గోడ మీద పేరు చెక్కిస్తామంటే గది కట్టించేవాళ్లూ దొరుకుతారు. దీపంలో నూనెకి, పత్రికల చందాకి, రోజూ తలుపు తీసే మనిషి జీతానికి ఎవరిస్తారు? ఇలాంటి ఖర్చుల కోసమే ఇంటింటా పిడికెడు బియ్యం పోగుచేసినవాళ్లున్నారు. ఊళ్లో ఉత్సాహం ఉన్నన్నాళ్లూ బియ్యం వస్తుంది. ఆ తర్వాత?

1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం ఆ పిడికెడు బియ్యాన్నే పన్నుగా మార్చిందనిపిస్తుంది. ఇంటిపన్ను మీద గ్రంథాలయ సెస్సు వేశారు. ఆ రేటు పోనుపోను రూపాయికి 8 పైసలైంది. పంచాయతీ, మునిసిపాలిటీ దాన్ని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకి కట్టాలి. ప్రైవేటు గ్రంథాలయాలకి సాయమిచ్చే వీలు కూడా ఆ చట్టంలో ఉంది. మొత్తం చిన్నదే, కానీ ఏటా వస్తుంది. తలుపులు తెరిచి ఉండటానికి కావలసింది అదే.

అందుకే స్థానిక సంస్థలు సెస్సు వసూలు చేసుకుని గ్రంథాలయాలకి బకాయి పెట్టాయన్న వార్త చూస్తే అది మామూలు ఆఫీసు జాప్యంలా అనిపించదు. మనం కట్టేసిన డబ్బది. ఈసారి ఇంటిపన్ను రసీదులో ఆ సెస్సు ఎంతుందో చూడండి. అది లైబ్రరీకి చేరిందా అని అడగడానికి ఆ కాగితం చాలు.