సంచి కథ కంచికి వెళ్ళలేదు

పూర్వం పాత పంట్లాం ఒకటి కనబడితే చాలు, ఇల్లాలి చేతికి కత్తెర వచ్చేది. కాళ్ళు రెండూ కోసి, అడుగు మూసి కుట్టి, నడుం పట్టీతో పిడులు వేస్తే బజారు సంచులు రెండు తయారు! జాకెట్టుకు మిగిలిన ముక్క, చిరిగిన పరుపు గుడ్డ, ఏదీ ఊరికే పోయేది కాదు. కొట్లో పప్పూ బెల్లం కాగితంలో పొట్లం కట్టి, పురికొస చుట్టి ఇస్తే అన్నీ ఆ సంచిలోకే. సంచి మరిచి బజారుకెళ్ళిన మగమహారాజు పైపంచెలో వంకాయలు మూటకట్టుకు రావలసిందే!

మరి ఆ సంచి మన చేతిలోంచి ఎలా జారిపోయింది?

ఆ కథ స్వీడన్‌లో మొదలైంది. స్టెన్ గుస్తాఫ్ తూలిన్ అనే ఇంజనీరు పిడులతో సహా ఒకే ముక్కగా ఉండే ప్లాస్టిక్ సంచిని రూపొందించాడు. 1965లో దానికి అమెరికా పేటెంటు వచ్చింది. విచిత్రమేమిటంటే, పారెయ్యడానికని ఆయన దాన్ని చెయ్యలేదుట! కాగితపు సంచుల కోసం చెట్లు నరుకుతున్నారు, ఇదైతే ఎన్నిసార్లయినా వాడుకోవచ్చునన్నది ఆయన ఉద్దేశమని కొడుకు తరువాత చెప్పాడు. ఆయన జేబులో ఎప్పుడూ ఒక సంచి మడిచి ఉండేదట. లోకం మాత్రం ఒకసారి వాడి విసిరేసింది. ఊరికే వచ్చినదాని మీద ఎవరికి మమకారం ఉంటుంది చెప్పండి?

1988, 1998 వరదల్లో బంగ్లాదేశ్ మురుగు కాలవలకు ఈ సంచులే అడ్డుపడ్డాయి. 2002లో ఆ దేశం పల్చటి పాలిథిన్ సంచులను నిషేధించింది. ప్రపంచంలో ఆ పని చేసిన మొదటి దేశం అదే. మన దేశంలో 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల కన్నా పల్చటి క్యారీ బ్యాగులు కూడదన్నారు.

అయితే కొత్త గుడ్డ సంచి కొనేస్తే సరిపోయిందా? అక్కడే ఉంది తిరకాసు. 2018లో డెన్మార్క్ పర్యావరణ శాఖవారు లెక్కకట్టారు. పత్తి పండించడానికి నీళ్ళు, ఎరువులు, నెయ్యడానికి కరెంటు ఖర్చవుతాయి కదా! వాతావరణం వరకే చూస్తే నూలు సంచిని 52 సార్లు వాడితే చాలునట. అన్ని రకాల నష్టాలూ చూస్తే 7100 సార్లు! అంటే రోజూ వాడినా పంతొమ్మిదేళ్ళ పైమాటే. వీధిలో పడిన ప్లాస్టిక్ చేసే చేటు ఆ లెక్కలో లేదనుకోండి. అయినా, షాపులవాళ్ళిచ్చిన కొత్త సంచులు బీరువాలో దొంతర పెట్టుకోవడం ఘనకార్యమేమీ కాదని తేలింది.

మిగిలిన గుడ్డ సంగతి వేరు. అది తాగవలసిన నీళ్ళు ఏనాడో తాగేసింది. దానితో కుట్టే సంచి కోసం కొత్తగా పత్తి చేను వెయ్యనక్కర్లేదు. ఈ సంగతి పట్టుకునే 2013లో ఆస్ట్రేలియాలోని గోల్డ్‌కోస్ట్‌లో ఇద్దరు స్త్రీలు 'బూమరాంగ్ బ్యాగ్స్' మొదలుపెట్టారు. ఇరుగుపొరుగులు చేరి పాత గుడ్డలతో సంచులు కుట్టి దుకాణాల్లో ఉంచుతారు. మరిచివచ్చినవాళ్ళు తీసుకెళ్ళి, మళ్ళీ తెచ్చి ఇవ్వాలి.

మనకిది కొత్త విద్యేం కాదు. పిడుల దగ్గర రెండు వరసలు కుట్టు వేయండి, పదేళ్ళు కదలదు. కుట్టాక మాత్రం బీరువాలో దాచకండి. వీధి తలుపు పక్కన మేకుకు తగిలించండి. బజారుకు వెళ్ళేవాళ్ళ చేతికి తగలాలిగా!